లాంతరు ఆర్పిన నడక

జూలూరుపాడు,
మంగళవారం.

నాగలత అక్కకు,

నీ తమ్ముడు ఉదయ్ భాస్కర్ నమస్కారాలు. ఇక్కడ ముగ్గురి ఆరోగ్యాలూ బాగున్నాయి. ఆరోగ్యాలు అన్నాను, గమనించు. అంతకంటే ఎక్కువ రాస్తే అబద్ధమవుతుంది. నీ ఉత్తరం అందింది. మీ దగ్గర మంచు ఇంకా తగ్గలేదని, మిలిటరీ ఆసుపత్రిలో నీకు సెలవు దొరకడం లేదని చదివి అమ్మ ఆ పూటంతా నీ గురించే మాట్లాడింది. మొన్న ఆదివారం ఫోన్లో నువ్వు "ఏంట్రా గొంతు అలా ఉంది" అన్నావు. నాన్న పక్కనే కూర్చుని ఉన్నాడు. అందుకని జలుబు అన్నాను. జలుబు కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు అలాగే ఉంది. డాక్టరు రాసిన మాత్రలు డబ్బాలో దాచి ఎవరో చెప్పిన నూనె రుద్దుకుంటోంది. నువ్వు కోప్పడితే తప్ప వినదు. మొక్కజొన్న బాగుంది, గింజ పాలు పోసుకుంటోంది. నీ గదిలో కిటికీ బాగు చేయించాం. ఇక నీ చివరి ప్రశ్న: "అకిమోరి గ్రూపులో ఎవరూ నోరు విప్పడం లేదేం? అందరూ పెళ్ళిళ్ళు చేసుకుని బుద్ధిమంతులయ్యారా?" అది చదివి ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. రోజూ తీస్తున్నాను, పెడుతున్నాను. ఇవాళ రాయక తప్పదు.

నాకా వీడియో ఆట నేర్పింది నువ్వే. కానీ గ్రూపులో నీ పేరు ఉండటమే తప్ప మా గొడవలు నువ్వు చదవవని తెలుసు, అందుకే మొదటినుంచీ చెబుతాను. అకిమోరి అసలు భాగాలను మేం తల్లులు అంటాం. వాటి పక్కన పుట్టుకొచ్చిన వాటిని, ఫోన్లో ఆడేదీ, చేపలు పట్టేదీ, అన్నిటినీ కలిపి పిల్లలు అంటాం. ఈ పేర్లు పెట్టింది శివ. కొత్తగూడెంలో ఫోన్లు రిపేరు చేసే షాపులో పనిచేస్తాడు. ఊరు మాత్రం మన చేను దాటాక అడవిలో ఉన్న గూడెం. గ్రూపులో ఎన్నాళ్ళో పోట్లాడుకున్నాక తెలిసింది, మా ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఉన్నది ఒక వాగూ కాస్త అడవీ మాత్రమేనని. అప్పట్నుంచీ నన్ను అన్నా అంటాడు. అని మరీ తిడతాడు.

శివ తల్లుల పక్షం, నేను పిల్లల పక్షం. నీకు గుర్తుండే ఉంటుంది, తల్లుల్లో అడవిలోకి అడుగు పెడితే చేతిలో లాంతరు వెలుగుతూ ఉండాలి. నూనె అయిపోతే ఆట అయిపోయినట్టే. ఈమధ్య వచ్చిన పిల్ల ఒకటుంది, పేరు 'ఆరిన లాంతరు'. అందులో అంతా తలకిందులు. లాంతరు ఆర్పేసి నడిస్తేనే, ఒకదానిమీద ఒకటి వాలిన రెండు రాళ్ళ మధ్య గుమ్మం తెరుచుకుంటుంది. ఇది అసలు కథలో భాగమేనని నేను. వ్యాపారం కోసం ఎవరిచేతో రాయించి తగిలించారని శివ. "తల్లి ఒకటి చెప్తే పిల్ల ఇంకోటి చెప్తదా? గది పిల్లనే కాదు, పొరుగింటిది" అని వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. సత్తుపల్లి బ్యాంకులో పనిచేసే ప్రభాకర్ గారు మాలో పెద్ద. ఆయన ఇద్దరికీ సర్దిచెప్పలేక తల పట్టుకునేవాడు. నవ్వుకో. నేనూ అప్పుడు నవ్వాను.

మన చేను చివర, అడవి మొదలయ్యేచోట వాలిన రాళ్ళు రెండు ఉన్నాయి కదా. ఒక సాయంత్రం వాటి ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. అచ్చం ఆ గుమ్మమే అని అందరికీ పూనకం వచ్చింది. జపాన్‌లో అభిమానులు ఆటలోని చోట్లను పోలిన చోట్లకు యాత్రలా వెళ్తారట. ఆటలో మనిషి ఎలా నడిచాడో అలాగే నడిచి ఫోటో దిగుతారట. మనమూ వెళ్దాం అన్నారు. దీపంతో నడవాలా, ఆర్పి నడవాలా అని మళ్ళీ గొడవ. ఓటు పెట్టారు. నా పక్షం గెలిచింది. గెలిచానని సంబరపడ్డాను అక్కా, ఆ సంబరం గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తోంది. దారి చూపే పటం కూడా నేనే గీశాను, ఆటలో పటంలాగే, చెట్లు గుండ్రంగా, గట్టు చుక్కలుగా.

రెండు వారాల కిందటి శనివారం అయిదుగురం కలిశాం. శివ, ప్రభాకర్ గారు, ఖమ్మం నుంచి ఇద్దరు కుర్రాళ్ళు, నేను. అమ్మా నాన్నా ముదిగొండలో పెళ్ళికి వెళ్ళారు. పొద్దు వాలాక అందరం ఫోన్లు ఆపేసి జేబుల్లో పెట్టుకున్నాం. "ఓడినోన్ని నేను, ముందు నేనే నడుస్త. గుమ్మం తెరుచుకోకపోతే మీ అందరి సంగతి చెప్త" అని శివ ముందు నడిచాడు. గట్టు వెంబడి వరసగా వెళ్తున్నాం. రాళ్ళు మసక మసగ్గా కనబడుతున్నాయి. శివ ఏదో పాట ఈలవేస్తున్నాడు. ఈల ఆగింది. మనిషి ముందుకు పడ్డాడు, పడ్డవాడు లేవలేదు, చెయ్యి ఒకటే కొట్టుకుంటోంది. మాడు వాసన వచ్చింది. ఖమ్మం కుర్రాడు పట్టుకోబోతే ప్రభాకర్ గారు వాణ్ణి వెనక్కి లాగి పడేశాడు. నేను మన మోటారు షెడ్డుకు ఉరికి ఫ్యూజు పీకేశాను.

అవును అక్కా, మన తీగే. మొక్కజొన్న మీద పడే అడవిపందుల కోసం నాన్న మళ్ళీ కరెంటు తీగ పెట్టాడు. పోయినేడు మన తీగకు తగిలి దూలయ్య ఎద్దు చచ్చిపోయినప్పుడు ఇక జన్మలో పెట్టనని అమ్మ ముందు ఒట్టు వేసినవాడే.

ప్రభాకర్ గారు శివ గుండె మీద అదిమి అదిమి ఊపిరి తెప్పించాడు. తన కార్లోనే ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకుపోయాం. కుడిచేతి వేళ్ళు రెండు తీసేశారు. మిగతావి నిలుస్తాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. గుండె ఒక్కోసారి లయ తప్పుతోందట. నువ్వు నర్సువి కాబట్టి అడుగుతున్నాను, ఇన్ని రోజులైనాక కూడా గుండె ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదం ఉంటుందా? అక్కడ ఎవరినీ అడగలేకపోయాను. అడిగితే నీకెందుకంత కంగారు అంటారేమోనని భయం.

నేను ఇంటికి వచ్చేసరికి తీగ లేదు, గుంజలు లేవు. పెళ్ళినుంచి వచ్చిన నాన్న కబురు విని అన్నీ పీకేశాడు. ఆ తీగ చుట్టను అడవివైపు పొదల్లో పడేసి, ఎస్సై గారు వచ్చినప్పుడు తనే తీసుకెళ్ళి చూపించాడు. గూడెంవాళ్ళు పందుల కోసం మన షెడ్డు నుంచి దొంగ కరెంటు లాగి పెట్టుకున్న తీగ, ఆ కుర్రాడే పెట్టి ఉంటాడు అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నాన్న గొంతు ఎంత మామూలుగా ఉందంటే నాక్కూడా ఒక క్షణం నిజమేనేమో అనిపించింది.

తరవాత నన్ను పశువుల కొట్టం దగ్గరికి పిలిచాడు. "నేను లోపలికి పోతే మీ అమ్మ ఏమైపోద్దిరా? పొలం ఎవడు చూస్తాడు? వాళ్ళకి కేసులు అలవాటే, నాలుగు రోజులు తిప్పి వదిలేస్తారు. నువ్వు నోరు మెదపకు" అన్నాడు. తిట్టలేదు. నా భుజం మీద చెయ్యి వేసి బతిమాలాడు. నాన్న బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు, దానికి ఎక్కువ భయపడ్డాను.

ఆ మర్నాడు ప్రభాకర్ గారు నాకు విడిగా ఒక మెసేజ్ పెట్టాడు. "ఉదయ్, ఆ కరెంటు ఎక్కడ ఆపాలో నీకెలా తెలుసు?" అంతే. నేను జవాబివ్వలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. మా గ్రూపు మూగబోయింది అందుకు. ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియదు, తెలిసినవాణ్ణి నేను మాట్లాడను.

మొన్న శివను చూడ్డానికి వెళ్ళాను. నన్ను చూసి నవ్వబోయాడు. "చెప్పిన గదనే అన్నా, లాంతరు ఆర్పొద్దని. తల్లే కరెక్టు" అన్నాడు. ఆ కట్టు కట్టిన చేత్తో ఇక ఆటలు ఎలా ఆడతాడో, ఫోన్లు ఎలా విప్పుతాడో. వాళ్ళమ్మ కళావతి బయట వరండాలో నా చేతులు పట్టుకుంది. "పోలీసోల్లు వచ్చిన్రు సారూ. డిశ్చార్జి కాంగనే స్టేషన్‌కు తోల్కపోతమన్నరు. తీగ నువ్వే పెట్టినవా అని అడుగుతున్రు. మా పోరడు పందిమాంసం ముట్టనే ముట్టడు. గిదేంది సారూ" అంది. నేను మళ్ళీ లోపలికి వెళ్తే శివ గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, ఆట కోసం పోయినమని నేను చెప్తే ఎస్సై నవ్విండు. గింత పెద్దోల్లు చీకట్ల ఆట ఆడిన్రా అన్నడు. వేటకు పోయినమంటే నమ్ముతరు, గిది నమ్మరు. నువ్వైతే చెప్తవ్ గద?" అవ్, చెప్తా అన్నాను.

ఇంతవరకూ రాసింది నీకు నాన్నైనా, ఇంకెవరైనా చెప్పగలరు. ఇది మాత్రం నేనొక్కణ్ణే చెప్పాలి. ఆ శనివారం పొద్దున నాన్న గట్టు మీద వెదురు గుంజలు దిగ్గొట్టడం నేను చూశాను. ఎందుకో తెలుసు. నాన్నా, ఈ సాయంత్రం ఆపు, మావాళ్ళు వస్తున్నారు అంటే సరిపోయేది. ఎవరొస్తున్నారు, ఎందుకొస్తున్నారు అంటాడు. ఇంతవాణ్ణయ్యి, స్నేహితులతో కలిసి చీకట్లో ఆట నడక నడుస్తున్నామని చెప్పాలి. పోయినసారి నేను టీవీ ముందు ఆడుతుంటే చుట్టాల ముందు "మావాడికి పెళ్ళి చేస్తే పెళ్ళాంతో బొమ్మలాటలాడతాడు" అన్నాడు. ఆ నవ్వు మళ్ళీ పడలేకపోయాను. తీగకు కరెంటు ఎప్పుడూ అన్నాలు తిని పడుకోబోయే ముందే పెడతాడు కదా, ఇవాళ పెళ్ళినుంచి వచ్చాకే పెడతాడు, ఆలోగా మేం తిరిగొచ్చేస్తాం అనుకున్నాను. పెళ్ళికి వెళ్ళే తొందరలో ఆ రోజు ముందే పెట్టి వెళ్ళాడు. సిగ్గుకు పోయి శివ చేతిని పోగొట్టాను అక్కా. నాన్నది ఎంత తప్పో నాదీ అంతే.

నిన్న స్టేషన్‌కు వెళ్ళాను. అమ్మకు కూడా చెప్పలేదు. లోపలికి వెళ్ళేముందు బయట టీ బండి దగ్గర చాలాసేపు నిలబడ్డాను, రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఎస్సై గారి ముందు ఫోన్ పెట్టి గ్రూపు తెరిచాను. ఆయన మా గొడవంతా పైకి చదివాడు. "ఎవరయ్యా ఈ తల్లులు, ఈ పిల్లలు? లాంతరు కోసం ఇంత కొట్లాటేంది?" అన్నాడు. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. నేను విడమర్చి చెప్పాను, అసలు భాగాలు, పక్క భాగాలు, ఓటు, పటం, అన్నీ. చెప్పేకొద్దీ నవ్వడం మానేశారు. శివ పెట్టిన పాత వాయిస్ మెసేజులు వినిపించాను, లాంతరు ఆర్పొద్దని బతిమాలేవి. తీగ తనే పెట్టినవాడైతే ఫోన్ కూడా ఆపేసి దానిమీదికే ఎందుకు నడుస్తాడు సార్ అన్నాను. "మరి తీగ ఎవరిది?" అన్నాడు.

చెప్పాను. నాన్న పేరు, ఇంటిపేరుతో సహా. వెంకటనారాయణ అని అంటుంటే వేరే ఎవరి గొంతో విన్నట్టుంది. గుంజలు చూసి ఊరుకున్నానని కూడా చెప్పాను. రాసుకుని సంతకం పెట్టించుకున్నారు. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వస్తామన్నారు. శివ జోలికి ఇక వెళ్ళబోమని చెప్పారు. ప్రభాకర్ గారికి జవాబు కూడా పెట్టాను. ఆయన నుంచి ఇంకా ఏమీ రాలేదు.

నాన్నకు ఇంకా తెలియదు. చెబుదామని పొద్దుటినుంచీ మూడు గదులూ తిరుగుతున్నాను, ఆయన ఎదురుపడితే పక్కకు తప్పుకుంటున్నాను. రోడ్డు మీద ఏ బండి ఆగినా కిటికీలోంచి తొంగి చూస్తున్నాను. నన్ను కొడతాడని కాదు భయం. కొట్టకుండా చూస్తాడేమోనని. నీకు వీలైతే సెలవు పెట్టి రా. అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి, నన్ను దగ్గరికి రానిస్తుందో లేదో తెలియదు.

ఇప్పుడే నాన్న నా గది గుమ్మం దాకా వచ్చాడు. "అక్కకేనా రాసేది?" అన్నాడు. అవునన్నాను. మందుల గురించి అమ్మను గట్టిగా కోప్పడమని రాయమన్నాడు. చలికి ఉన్ని మేజోళ్ళు రెండు జతలు వేసుకోమన్నాడు. చివర్లో నాన్న నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు.

చెబుతున్నాను.

ఇట్లు,
భయం భయంగా,
నీ తమ్ముడు
ఉదయ్