మొదటి మీగడ

సరోజా, నువ్వు పోయాక ఈ ఏడాదిలో మన గౌలిపుర ఇంట్లో పాల మీగడ తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

మన లత ఆఫీసు పని మీద జపాన్ వెళ్లి నిన్ననే వచ్చింది. అక్కడికి వెళ్లినవాళ్లు యుబా తినకుండా రారట. సోయా పాలు కాగుతుంటే పైన కట్టే మీగడే యుబా. ఎవరికి వారు పుల్లలతో తీసుకుని తింటారట.

"మొదటిది నేను తినలే బాపు. పక్కన కూసున్న ముసలామె గిన్నెల పెట్టిన. మొదటి మీగడ తీసినోళ్లు తినొద్దని అమ్మ అంటుండె గదా!" అంది లత.

ఆ ముసలామె నవ్వి, రెండోది తీసి లతకు పెట్టిందట.

ఈ పొద్దున లత మన బర్రెపాలు కాచి, మొదటి మీగడ నా అరచేతిలో పెట్టింది. రెండోది నేను తీసి దానికి పెట్టాను. చక్కెర చల్లడం ఇద్దరం మరిచిపోయాం. అది నీ పని కదా. రేపటి నుంచి నేను చల్లుతాను.