తలలు వాల్చండి అన్నాను

జూన్ 9, సోమవారం
భిన్నాల భాగహారం పరీక్ష దిద్దాను. మా ఆరో తరగతిలో అందరూ బంగారు కొండలే. మా జపాన్ బడుల పద్ధతిలో సరైన జవాబులకు ఎర్ర సున్నాలు చుట్టీ చుట్టీ వేళ్లు నొప్పెట్టాయి. చినత్సు అనే పిల్లకి వందకి తొంభై.

ఎందుకో, నిజంగా అర్థమయ్యే చేశారా అని అనుమానం వచ్చింది. చివరి పీరియడ్‌లో అందరినీ బల్లల మీద తలలు వాల్చి కళ్లు మూసుకోమన్నాను. రెండో భిన్నాన్ని ఎందుకు తిరగేస్తామో తెలియనివాళ్లు చెయ్యెత్తండి, నేను తప్ప ఎవరూ చూడరు అన్నాను. ఒక్క చెయ్యి లేచింది. చినత్సుది.

జూన్ 10
ఆరో తరగతి టీచర్లందరికీ పెద్ద హమసాకి గారు. ఆయనకు చెప్పాను. తొంభై వచ్చిన పిల్లకు రోగమేమిటని నవ్వారు. జూలైలో ప్రోగ్రెస్ కార్డులివ్వాలి, పాఠం ముందుకు నడపమన్నారు.

ఆటల విరామంలో చినత్సుని అడిగాను. ముప్పావు లీటరు జ్యూస్, పావు లీటరు గ్లాసులు, ఎన్ని నిండుతాయి? తిరగేసి, గుణించి, మూడని ఠక్కున చెప్పింది. బొమ్మ గీయమంటే పెన్సిల్ కదల్లేదు. తొంభై మార్కుల పరీక్షలో ఈ సంగతి నాకు కనిపించనే లేదు.

జూన్ 11
నోరు జారాను. మెచ్చుకుందామనే. తెలియనిది తెలియదని చెప్పడానికి గుండె కావాలి, చినత్సుని చూసి నేర్చుకోండి అని తరగతిలో అన్నాను. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ చూడరని మాటిచ్చిందీ నేనే, చాటింపు వేసిందీ నేనే.

జూన్ 12
తలలు వాల్చమన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు.

మధ్యాహ్నం తరగతిలో భోజనం వడ్డించే వంతు ఇవాళ చినత్సుది. నా గిన్నెలో మిసో సూపు పోస్తుంటే, తప్పు నాదే అని మెల్లగా చెప్పాను.

"ఇప్పుడు అర్థమైంది సార్. అంతా అర్థమైంది," అంది. నా వైపు చూడలేదు.

జూన్ 13
సిగ్గుగా ఉంది. వచ్చే ఏడు ఈ పిల్ల మిడిల్ స్కూలుకి వెళ్తుంది. కొన్నాళ్లు అక్కడా తొంభైలే వస్తాయి. ఒకరోజు ఏమీ అర్థం కాదు. అప్పుడు కూడా చెయ్యెత్తదు, నా పుణ్యమా అని.

జూన్ 16, సోమవారం
ఇవాళ తలలు వాల్చమనలేదు. జ్యూస్ బొమ్మ గీయండి, రానివాళ్లు చెయ్యెత్తండి, వచ్చినవాళ్లు లేచి వాళ్ల దగ్గరికి వెళ్లండి, మార్కులు లేవు అన్నాను. బోర్డు వైపు తిరిగి నేనే కళ్లు మూసుకున్నాను.

వెనక పెన్సిళ్లు గీస్తున్న చప్పుడు వినిపించింది.

"నాకు రాదు," అన్నాడు ఎవరో.

ఒక కుర్చీ జరిగింది, అడుగులు ఆ గొంతు వైపు నడిచాయి.

"నాకూ," అంది చినత్సు.

నేను వెనక్కి తిరగలేదు.