మూడుసార్లూ ఒకటే

జూన్ 4
ఈయన అరికాల్లో గుండుసూది దిగింది. షాపులో ఎప్పుడు తొక్కారో ఆయనకే తెలియదు. సాక్సు విప్పుతుంటే నేను చూశాను. షుగర్ ముదిరితే కాళ్లకు నొప్పి తెలియదట. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది.

జూన్ 5, ఉదయం
ఆడపడుచు తను వాడి మాకిచ్చిన మిషన్‌తో షుగర్ చూసుకున్నారు. ఒకసారి చూసి ఊరుకోరు కదా, గుడ్డ కత్తిరించే ముందు మూడుసార్లు కొలిచే టైలర్ గారాయె. 142, 140, 141. మొహం వెలిగిపోయింది. మూడుసార్లూ ఒకటే చెబితే అబద్ధం ఎలా అవుతుందన్నారు. ఇన్సులిన్ తనంతట తనే తగ్గించేశారు. డాక్టర్‌ని అడగమంటే విసుక్కున్నారు.

జూన్ 13
పుండు అంచులు నల్లబడ్డాయి. ఆస్పత్రికి పోదామంటే మళ్లీ వేలు పొడుచుకుని మిషన్ నా మొహం ముందు పెట్టారు. 139. మొండి మనిషి. నా కోపమంతా గిన్నెల మీద చూపించాను.

జూన్ 17
జ్వరం. ఇక ఆయన మాట వినలేదు, టాక్సీ ఎక్కించాను. ల్యాబ్‌లో 338. ల్యాబే తప్పంటూ ఈయన వెంట తెచ్చుకున్న మిషన్, స్ట్రిప్స్ డబ్బా తీసి ముందు పెట్టారు. ల్యాబ్ అమ్మాయి మా మిషన్ తీసుకుని చూసింది. రక్తం చుక్క అంటించే మా కొత్త స్ట్రిప్స్ డబ్బా మీద ఒక కోడ్ నంబరు, మిషన్‌లో ఇంకా ఆడపడుచు పాత డబ్బా కోడ్. డబ్బా మారినప్పుడల్లా అదీ మార్చాలట. లేకపోతే తప్పు చూపిస్తుందట, మాకు ప్రతిసారీ తక్కువ చూపించిందట. ఒకేలా రావడం వేరు, సరిగ్గా రావడం వేరు అంది. ఈయనకు ఎక్కలేదు.

జూన్ 18, సాయంత్రం
ఎక్కింది. మెడలో వేలాడే టేపు తీసి, ఆస్పత్రి గోడకున్న ఎత్తు కొలిచే ఇనుప స్కేలు పక్కన పెట్టి చూడమన్నారు. టేపు బాగా సాగిపోయింది. ఒంటినీ గుడ్డనూ ఆ టేపుతోనే కొలిచారు కాబట్టి ఇన్నేళ్లూ చొక్కాలన్నీ సరిపోయాయట. ఒంట్లో రక్తం అలా సర్దుకోదు కదా అన్నారు. గోడ వైపు తిరిగి ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది.

జూన్ 19
మోకాలి కింద తీసేయాలన్నారు డాక్టర్. కుడికాలు. ఆడపడుచు ఫోన్‌లో ఒకటే ఏడుపు. తిడదామనుకున్నాను, ఊరుకోమని చెప్పి ఫోన్ పెట్టేశాను.

జూలై 11
ప్యాంటు కుడికాలు కత్తిరించాలట. కొత్త టేపు తెప్పించుకుని మూడుసార్లు కొలుచుకున్నారు. మూడుసార్లూ ఒకటే. అయినా టేపు నా చేతికిచ్చి నన్నూ కొలవమన్నారు.
కొలిచాను. సరిగ్గానే ఉంది.