పందిరి ఎటువైపు

కామ్‌రేజ్,
24 ఏప్రిల్ 2020

ప్రియమైన మీకు,

ఫోన్లో మాట్లాడితే రెండో నిమిషానికే గొడవ అవుతోంది. అందుకని కాగితం మీద రాస్తున్నాను. ఇక్కడైతే మీరు మధ్యలో "సరే సరే, పనుంది" అని పెట్టేయలేరు. ఉతికిన బట్టల సంచిలో చొక్కాల కింద పెట్టి పంపుతున్నాను. మీ కంపెనీ వ్యాన్ తోలే కనకయ్య శుక్రవారం శుక్రవారం వస్తున్నాడు కదా, జవాబు కూడా అతనితోనే పంపండి.

లాక్‌డౌన్ పెట్టిన నాడు మూడు వారాలు హజీరా ప్లాంటులోనే ఉండాలని చెప్పి వెళ్లారు. గ్యాసు ప్లాంటును ఆపలేరని నాకూ తెలుసు, అందుకే కిక్కురుమనలేదు. ఇప్పుడు ఐదో వారం నడుస్తోంది. మీ బ్యాచ్‌లో వాళ్లంతా మారి ఇళ్లకు వెళ్లారట, మీరు మాత్రం ఇంకో విడత ఉంటానని చెయ్యెత్తారట. కనకయ్య చాయ్ తాగుతూ నోరు జారాడు. నా మొహం చూసి గ్లాసు సగంలో పెట్టేసి వెళ్లిపోయాడు.

ఇక్కడ నా కాలు ఒక చోట నిలవడం లేదు. తుడిచిన ఇల్లే తుడుస్తున్నాను. మంచాన్ని కిటికీ దగ్గరికి లాగి, మళ్లీ ఉన్నచోటికే తోశాను. మేడెక్కి హైవే చూస్తుంటాను. మొన్న సూరత్ మగ్గాల మీద పనిచేసే ఒడియా వాళ్లు నెత్తిన మూటలతో నడిచి పోతున్నారు. అందులో ఒకామె చంకలో మిక్సీ పెట్టుకుంది. వాళ్లకు నడవడానికి ఒక ఊరుంది, నాకూ ఉంది కదా అనిపించింది.

కాబట్టి ముందే చెబుతున్నాను. రైళ్లు మొదలవగానే వరంగల్లో మా సుప్రజ దగ్గరికి వెళ్లిపోతాను. అక్క వస్తానంటే కాదనే చెల్లెలు కాదు అది. వెళ్లాక మళ్లీ వస్తానో లేదో ఇప్పుడు చెప్పలేను. ఇది బెదిరింపు అనుకోకండి, మనసులో ఉన్నది రాస్తున్నాను.

కూరగాయల టెంపో సొసైటీ గేటు దగ్గరికి వస్తోంది. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, ముదిరిపోయిన సొరకాయ, అంతే. గోడ పక్కనే మూడు వందల గజాల మన ప్లాటు ముళ్లకంపతో పడి ఉంది. నన్ను అడగకుండా కొన్నారు, కొన్నాక అటు చూడకుండా వదిలేశారు. దాని గురించి రాస్తే నా బీపీ పెరుగుతుంది, ఆపేస్తున్నాను.

సంచి అడుగున తొక్కు సీసా ఉంది. చూసి తీయండి.

మీ
కోమలి


హజీరా,
1 మే 2020

ప్రియమైన కోమలీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తిట్లు ఉన్నచోట మూడుసార్లు.

చెయ్యెత్తిన మాట నిజమే. నా బదులు రావలసినవాడి ఇంట్లో పసిబిడ్డ ఉంది. మనింట్లో పిల్లలు లేరు కదా, నేనే ఉంటే పోతుందనుకున్నాను. ఇంట్లో నువ్వు ఉన్నావన్న లెక్క ఆ నిమిషంలో తట్టలేదు. రాస్తుంటే నాకే బాగా అనిపించడం లేదు.

నువ్వు మాత్రం రైలెక్కకు. నేను వచ్చేదాకా ఆగు. ఆ ప్లాటు చూస్తే నీకు మంట కదా, దాన్ని కూరగాయల తోట చేద్దాం. షిఫ్టు దిగాక కూర్చుని ప్లాన్ గీశాను, ఉత్తరంతో పాటు ఉంది చూడు. కాగితం పై అంచు మన రోడ్డు.

మడి వెడల్పు నాలుగడుగులు దాటొద్దు. రెండు వైపుల నుంచీ నీ చెయ్యి మధ్యదాకా అందాలి. నడుమ పెద్ద బాట, తోపుడు బండి తిరిగేంత. ప్రతి మడికీ వేరే వాల్వు పెట్టాను. ఒకదానికి నీళ్లు ఆపినా మిగతావి నడుస్తాయి. తీగజాతులన్నీ, అంటే సొర, బీర, కాకర, దొండ, ఒకే పొడవాటి పందిరి మీదికి. పందిరి ఉత్తరం అంచున ఉండాలి. అప్పుడు దాని నీడ వేరే మడుల మీద పడదు. అందుకే దాన్ని రోడ్డు వైపు పెట్టాను. దాని వెనక బెండ, వంగ, టమాట, మిరప, చివర ఆకుకూరలు.

కుడివైపు మూలన మునగ, నిమ్మ, కరివేపాకు. నిమ్మ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అప్పటిదాకా నువ్వు ఇక్కడే ఉండాలని నేనేమీ అనడం లేదు. జాగ ఉంది కాబట్టి గీశాను.

నిజం చెప్పనా, గీస్తున్నంతసేపూ నువ్వు ఆ బాటలో నడుస్తున్నట్టే గీశాను. ఉంటావు కదా?

తొక్కు అయిపోయింది. నాకు దక్కింది తక్కువ, కంట్రోల్ రూము వాళ్లకు దక్కింది ఎక్కువ.

నీ
మార్కండేయ


కామ్‌రేజ్,
22 మే 2020

ప్రియమైన మీకు,

ఇన్నాళ్లూ ఉత్తరం లేకుండా వట్టి బట్టలే పంపాను. అలిగి కాదు, చేతులు బొబ్బలెక్కి పెన్ను పట్టలేకపోయాను. మీ కాగితం చూశాక కుదురుగా కూర్చోలేక తవ్వడం మొదలుపెట్టాను. పక్కింటి హంసాబెన్ పార ఇచ్చింది. తవ్వితే మట్టి తక్కువ, పాలిథిన్ కవర్లు ఎక్కువ. చీరల కార్ఖానా వాళ్లు పారబోసిన జరీ దారం మూటలకు మూటలు వచ్చింది. ఒళ్లు పులిసిపోతోంది కానీ, ఆ పూటకు మనసు కొట్టుకోవడం తగ్గుతోంది.

మీ వాల్వులు ఇక్కడ లేవు. ఒక పైపుంది, నా బొటనవేలుంది. ఎంత నీళ్లు కావాలంటే అంత నొక్కుతున్నాను. ఇంకొకటి, వరంగల్లో పుట్టిన మనిషి ఇంత పెద్ద తోట గీసి పుంటికూర మరిచిపోతాడా? ఒక మడి మొత్తం దానికే ఇచ్చాను. హంసాబెన్ గోడ మీంచి తొంగి చూసి, "కోమలిబెన్, పాపడీ కూడా పెట్టు, అది లేకుండా సూరత్‌లో తోటేంటి" అని పిడికెడు చిక్కుడు గింజలు ఇచ్చింది. వానలు తగ్గాక పెట్టాలట. అప్పటికి నేను ఇక్కడుంటే కదా.

అసలు సంగతి ఇది. మొన్న తెల్లవారగానే మీ కాగితం పట్టుకుని, పందిరి గుంజలు ఎక్కడ పాతాలో చూద్దామని రోడ్డు అంచున నిలబడ్డాను. ఎండ కళ్లల్లోకి కొట్టింది. కాగితం తిప్పి చూశాను, మడిచి చూశాను. మీరు ఉత్తరం అని బాణం వేసిన చోటే సూర్యుడు పొడుస్తున్నాడు. మన రోడ్డు ఉన్నది తూర్పున. మీ పందిరి అక్కడ కట్టి తీగ పాకిస్తే, పొద్దుటి ఎండ అంతా అదే తాగేస్తుంది. వెనకున్న వంగకూ మిరపకూ నీడే గతి.

తూర్పు వాకిలి ఇల్లే కావాలని ఏడాదిపాటు తిరిగి కొన్నారు దీన్ని. ఎనిమిదేళ్లు ఉన్నారు. ఏ షిఫ్టుకు వెళ్లారో, ఏ షిఫ్టు నుంచి వచ్చి ముసుగు తన్ని పడుకున్నారో గానీ, మన వాకిట్లో పొద్దు ఎటు పొడుస్తుందో మీకు తెలియదు. నాకు నవ్వు రావాలి. రాలేదు. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే కాపురం చేశానా అనిపించింది.

నిన్న రైలు రిజర్వేషన్లు తెరిచారు. జూన్ నాలుగుకు టికెట్ తీసుకున్నాను. అప్పటికి మీరు వస్తే కూర్చుని మాట్లాడుకుందాం. రాకపోతే తాళంచెవి హంసాబెన్‌కిచ్చి వెళ్తాను.

మొన్న ఫోన్లో మీ గొంతు బొంగురుగా ఉంది. ఏసీ గాలి అన్నారు. అల్లం దంచి చాయ్‌లో వేయమని ఆ మెస్సు వాళ్లకు చెప్పండి.

మీ
కోమలి


హజీరా,
29 మే 2020

ప్రియమైన కోమలీ,

కవరు మీద రాసినట్టు ఒక రోజంతా ఎండలో పెట్టాకే ఇది తెరిచావనుకుంటాను. ఈ రోజుల్లో అందరూ అలాగే చేస్తున్నారులే.

బాణం గుర్తు గురించి. ప్లాంటు కట్టేటప్పుడు పెద్ద పైపులు ఎటు సాగితే అటే "ప్లాంటు ఉత్తరం" అని పేరు పెట్టేస్తారు. అసలు దిక్కుతో దానికి పనిలేదు. డ్రాయింగు ఏదైనా పై అంచే ఉత్తరం. "ఉత్తరపు పంపు ఆపు" అని ఒకడు అరిస్తే అందరూ ఒకే పంపు దగ్గరికి పరిగెత్తాలి కదా, అందుకు. ఇరవై ఏళ్లు ఆ ఉత్తరంలోనే తిరిగాను. మన ప్లాటు గీసినప్పుడూ చెయ్యి తన అలవాటు కొద్దీ పైకి బాణం వేసింది. నేను ఆపి చూడలేదు.

నీ మాటకు మొదట రోషం వచ్చింది. తర్వాత పోయింది. ఈ వారం నాకు ఎండను చూసే తీరిక దొరికింది. పొద్దున్నే కిటికీలోంచి వచ్చి గోడ మీద పడుతుంది. మెల్లగా నేల మీదికి దిగి, మంచం కోడు దాకా వచ్చి, భోజనం వేళకు ముందే వెళ్లిపోతుంది. అంటే ఈ కిటికీ తూర్పుకు ఉంది. ఇంతమాత్రం కనిపెట్టడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది చూడు.

ప్లాన్ మళ్లీ గీశాను. పందిరిని మన ఇంటి గోడ వెంటకు మార్చాను, అసలు ఉత్తరం అదే. మడులను రోడ్డు పొడవునా తిప్పాను, పొద్దున ఒక పక్కా సాయంత్రం ఒక పక్కా ఎండ తగులుతుంది. పుంటికూర మడిని నువ్వు ఎక్కడ వేశావో తెలియక రాయలేదు.

టికెట్ సంగతి. వెళ్లు కోమలీ. ఆగమని అడిగాను, ఇప్పుడు అడగడం లేదు. సుప్రజ దగ్గరైతే నీ చుట్టూ మనుషులుంటారు. నేను ఇంకొన్నాళ్లు రాలేను. బట్టలు పంపకు, ఇక్కడే ఉతుకుతున్నారు. ఫోన్ ఎత్తకపోతే కంగారు పడకు, పని ఎక్కువగా ఉంది. రైల్లో మాస్కు తీయకు.

నీ
మార్కండేయ


కామ్‌రేజ్,
5 జూన్ 2020

ప్రియమైన మీకు,

రైలు నిన్న వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

"వెళ్లు కోమలీ" అన్న మాట చదివి చాలాసేపు ఏడ్చాను. ఆగమని బతిమాలుకుంటారనుకున్నాను. మీరు బతిమాలితే కాదని వెళ్లిపోదామనుకున్నాను. పొమ్మన్నాక ఎలా వెళ్లాలో తెలియలేదు. అయినా పంతం కొద్దీ సంచి సర్దాను.

సర్దుతుంటే ఒక్కొక్కటే బుర్రకెక్కింది. పని ఎక్కువగా ఉన్న మనిషి గోడ మీది ఎండ మంచం కోడు దాకా దిగడం ఎలా చూస్తాడు? మనింట్లో బనీను కూడా మడత పెట్టని మనిషికి అక్కడ బట్టలు ఎవరు ఉతుకుతున్నారు? కనకయ్య మీ ఉత్తరాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి గేటుకు తగిలించి, చాయ్ అయినా అడగకుండా వ్యాన్ తిప్పుకుని పోయాడెందుకు? వెంటనే అతనికి ఫోన్ చేశాను. "అక్కా, జర నన్ను అడగకుండ్రి, చెప్పొద్దని సార్ ఒట్టు పెట్టిచ్చుకున్నడు" అన్నాడు. "అడగను, ఎక్కడున్నాడో చెప్పు చాలు" అన్నాను. పాపం, అటు మాట తప్పలేక, ఇటు నాకు ఎదురు చెప్పలేక, "ఆల్థాన్ల గెస్ట్ హౌసు, రెండో అంతస్తు" అని పెట్టేశాడు.

మీ కంపెనీ కరోనా వచ్చినవాళ్లను ఉంచేది సూరత్‌లో ఆ గెస్ట్ హౌసులోనే. పాజిటివ్ వచ్చి ఇన్ని రోజులైందా? నాకు చెప్పకుండా హజీరా అని తేదీ వేసి ఉత్తరం రాస్తారా?

గుమ్మంలోనే కూలబడ్డాను. హంసాబెన్ గోడవతల నుంచే మాట్లాడుతూ కూర్చుంది. ఆమె లేకపోతే ఏమయ్యేదాన్నో. తేరుకున్నాక కోపం వచ్చింది, ఇంకా తగ్గలేదు. అడగకుండా జాగ కొన్నారు. అడగకుండా చెయ్యెత్తారు. ఇప్పుడు అడగకుండా నన్ను క్షేమంగా ఉంచుదామని చూస్తున్నారు. నేను రైల్లో కిటికీ పక్కన కూర్చుని మిమ్మల్ని తిట్టుకుంటూ పోతుంటే, మీరు ఆ గదిలో ఒక్కరే ఉండేవారు. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

గెస్ట్ హౌసు నంబరు సంపాదించి డాక్టరుతో మాట్లాడాను. జ్వరం పోయిందట, ఊపిరి బాగుందట, దగ్గు మిగిలిందట. వేరే గది, వేరే బాత్రూము ఉంటే ఇంటికి పంపడానికి అభ్యంతరం లేదన్నాడు. ఉన్నాయని చెప్పాను. ప్లాటు వెనక మూలన బిల్డరు కూలీల కోసం కట్టి వదిలేసిన గది ఉంది కదా. కూలగొట్టేదే అనుకుని మీరు రెండు ప్లాన్లలోనూ దాన్ని గీయలేదు. రెండు రోజులు కడిగి సున్నం వేశాను. ఫ్యాను తిరుగుతోంది, నల్లా వస్తోంది.

ప్లాన్ కూడా నేనే గీశాను. మీ రెండో ప్లాన్ బాగుంది, పందిరి గోడ వెంటే కడుతున్నాను. కానీ మడులు మాత్రం నా ఇష్టం. మీరు వెనక గల్లీ గేటు నుంచి గదికి వస్తారు. మీ బాట దక్షిణపు గోడ వెంట, సాయంత్రం కాస్త నడవడానికి రోడ్డు దాకా ఉంది. నా బాట వంటింటి తలుపు నుంచి పందిరి వెంట. మధ్యలో బెండ, వంగ, పుంటికూర. నా బాట చివర, మీ గదికి ఎదురుగా ఒక బండ వేశాను. పళ్లెం అక్కడ పెట్టి నేను వెనక్కి పోయాకే మీరు తలుపు తీయాలి. ఇందులో మీ సలహా అడగడం లేదు. అడగకుండా గీస్తే ఎలా ఉంటుందో మీరూ ఒకసారి చూడండి.

వరంగల్ మాట నేను వదల్లేదు. ఉండటమో పోవటమో ఇద్దరం కలిసి తేల్చుకుందాం. మీకు లేచి నిలబడి గొడవపడే ఓపిక రానివ్వండి. పడుకున్న మనిషితో గొడవపడితే నాకు తృప్తి ఉండదు.

ఈ ఉత్తరం మీ చేతికి అందిన పూటే కనకయ్య మిమ్మల్ని ఎక్కించుకుంటాడు. నేను గేటు దగ్గరికి రాను, వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంటాను. చెయ్యి ఊపండి చాలు, మాట్లాడబోయి దగ్గు తెచ్చుకోకండి.

మీ బాటా నా బాటా ఎక్కడా కలవకుండా గీయడానికి మూడు కాగితాలు చించాను. ఒక్క నడిమి మడిలో మాత్రం ఏమీ విత్తలేదు. డాక్టరు సరేనన్న రోజు దాని మీంచి నడిచి వచ్చేయండి.

మీ
కోమలి