ఆకలి చచ్చిపోవడం వైరాగ్యం కాదక్కా

తూంకుంట నుంచి

అక్క పాదాలకు మొక్కి తమ్ముడు నర్సింహులు రాస్తున్నది. మేమిక్కడ బాగానే ఉన్నాం, నీ సంగతే మనసును కుదురుగా ఉండనివ్వడం లేదు. ఫోన్‌లో నీకు వినపడదు కాబట్టి రాస్తున్నాను; నీ కోడలు స్వరూప చదివి వినిపిస్తుంది.

ప్లాట్లు అమ్మే వెంచర్‌లో కాపలా పని నడుస్తోంది. చుట్టూ హద్దురాళ్లే, పలకరించే మనిషి లేడు. సాయంత్రం భజనలో నాలుగు మాటలు చెప్పుకుంటాను కాబట్టి బతుకుతున్నాను. గీతా గ్రంథం చంకలోనే ఉంది.

నువ్వు అన్నం మానేశావట. వైరాగ్యం వచ్చిందని ఊరంతా నీ కాళ్లు మొక్కుతోందట. అక్కా, నాకూ మొక్కారు! దసరా నుంచి రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది. "స్వామీ, ఆకలిని గెల్చినవ్" అంది భజనకు వచ్చే యాదమ్మ. పొంగిపోయాను. ఒకరోజు చెబుతూ చెబుతూనే కళ్లు తిరిగి కూలబడితే మేడ్చల్ ఆసుపత్రికి తీసుకుపోయారు.

"తాతా, పేగుల సుత నరాలుంటయ్," అంది డాక్టరమ్మ. "తిన్నదాన్ని ముందుకు నూకేటివి అవే. వయసు మీద పడ్డకొద్ది కొన్ని పోతయ్, ఉన్నయి మెల్లగైతయ్. గందుకే జల్దీ నిండినట్టయితది."

"అయితే నాది వైరాగ్యం గాదా, బిడ్డా?"

"ఏం వైరాగ్యం? మలబద్ధకం! నీళ్లు తాగు, నడువు, కొంచెం కొంచెం మాటిమాటికి తిను."

కడుపులో అగ్నిగా కూర్చుని అన్నం అరిగించేది తానేనన్నాడు భగవంతుడు. గొంతు చించుకుని ఎన్నేళ్లుగా చెబుతున్నాను ఈ మాట! ఆ అగ్ని ముసలిదైతే చిన్న పుల్లలు వెయ్యాలి. పొయ్యే ఆర్పేస్తే అది భక్తా? ఆయన్ను పస్తులుంచడమే! మొక్కడానికి వచ్చిన వాళ్లను వాకిట్లోనే ఆపు, మొక్కే బదులు గ్లాసెడు జావ తెమ్మను.

గాజులు మోచేతి దాకా జారుతున్నాయని స్వరూప ఫోన్‌లో ఏడ్చింది. అంత చిక్కితే అది వయసేనని నేననలేను, ఇంకే రోగమో ఉండొచ్చు. సోమవారం కొడుకుతో బస్సెక్కి తూంకుంటలో దిగు. రోడ్డు మీదే నిలబడి ఉంటాను, ఆ డాక్టరమ్మ దగ్గరికే పోదాం. అమ్మ పోయాక నీ చేతి ముద్దతో పెరిగినవాణ్ణి, కాదనకు.

బాపు తమ్ముళ్లలో మిగిలిన ఒక్క చిన్నబాపుకు నా దండాలు చెప్పు.

అన్నం వద్దంటావు గానీ ప్రసాదం వద్దనడం నేనెన్నడూ చూడలేదు. అందుకే స్వరూపకు ముందే చెప్పాను. ఈపాటికి దేవుడి ముందు పెట్టిన పెరుగన్నం నీ పక్కనే ఉంటుంది. కళ్లకద్దుకుని తిను. తిన్నాకే నన్ను దీవించు. పస్తున్న నోటి దీవెన నాకొద్దు.

నీ తమ్ముడు
నర్సింహులు