కరుణ రంగు

తమ్ముడూ దేవదానం,

ముందు నువ్వన్న మాట ఒకటి దిద్దాలి. ముప్ఫై ఏళ్ళు పిల్లల పలకలు దిద్దిన చెయ్యి, నువ్వు పోయావని ఊరుకోదు. "తన అసలు రంగు చూసుకోవడానికి ఎవరూ పనిగట్టుకుని స్టూడియోకి రారు అక్కయ్యా" అనేవాడివి. తప్పు. ఒకావిడ వచ్చింది.

నువ్వు వెళ్ళి పది నెలలైంది. నందిగామ బస్టాండు దగ్గర నీ బోర్డు ఇంకా దించలేదు. గది ఖాళీగా ఉంచుకోవడం దండగని మా అల్లుడు పోరుతున్నాడు. ఆయన మాట వినడం అంతకన్నా దండగని నేను అనలేదు. వయసొచ్చింది కదా, కొన్ని మనసులోనే అనుకుంటున్నా.

పోయిన ఫిబ్రవరిలో చందర్లపాడు చర్చిలో కోతపండుగకి రంగు ఫిల్ముతో ఫోటోలు తీశావు, గుర్తుందా? పండు మిరపకాయల గంప పట్టుకుని ఏడేళ్ళ పిల్ల... కరుణ. కూలికెళ్ళే సుగుణమ్మ కూతురు. నెగెటివు కడిగావు. దాన్నుంచి, వెలుతురుకి పట్టి చూసుకునే రంగు స్లైడు చేసిస్తానని తల్లికి మాటిచ్చావు. ఎండలకి మందునీళ్ళు వేడెక్కి రంగులు చెడతాయి, చలికాలం రానీ అన్నావు. చలికాలం వచ్చింది. నువ్వే...

ఆ పిల్లా లేదురా. ఆగస్టులో జ్వరం తగిలింది. బండి కట్టి బయల్దేరేలోపే అయిపోయింది.

డిసెంబరులో సుగుణమ్మ వచ్చి గుమ్మం బయటే నిలబడింది. ఇంట్లో పిల్ల ఫోటో ఒక్కటీ లేదట, ఫోటోల అయ్యగారు తీసింది ఏమైనా మిగిలిందా అని అడిగింది. ఉంది, నేను చేసిస్తా అన్నా. ఎందుకన్నానో... నాకేం వచ్చని?

చీకటిగదిలో నాది నోటి పని. నలుపు తెలుపు బొమ్మలకి ఎర్రబల్బన్నా ఉండేది. రంగుకి అదీ పనికిరాదు, కటిక చీకటి. గడియారం కనపడదు కాబట్టి నేను పంతొమ్మిదో ఎక్కం చదవాలి, ఒక్కసారికి అరనిమిషం. నువ్వు ఆ లెక్కన మందు ట్రే ఊపాలి. "నీ నోటికి దేవుడిచ్చిన సరైన ఉద్యోగం ఇదే అక్కయ్యా" అని నవ్వేవాడివి. ఇప్పుడు నోరూ నాదే, చేతులూ నావే.

బీరువాలో నీ నోటుపుస్తకం దొరికింది. పెట్టెలో స్లైడు చేసే ఫిల్ము ముక్కలు రెండే. మద్రాసు నుంచి మళ్ళీ తెప్పించే దారి నీకు తప్ప ఎవరికీ తెలీదు. అందుకని నీ రాతని అక్షరం దాటకుండా చేశా. 'వెలుతురు తొమ్మిది అంకెలు. మనుషుల ముఖాలుంటే ఆరు చాలు' అని రాశావు. నెగెటివు మీంచి వెలుతురు పడనిచ్చి ఆరే లెక్కపెట్టా.

బొమ్మ వచ్చింది. పొంగిపోయా. సుగుణమ్మ దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూసింది. చూసి, ఎంతో మర్యాదగా అడిగింది.

"ముద్దుగా ఉంది పంతులమ్మగారూ... ఎవరి పాప?"

నీ కరుణే అన్నా. నమ్మలేదు.

గంప చూపించా. ఈ కాయకేదో తెగులొచ్చినట్టుంది, మా చేలల్లో కాయ ఇలా ఉండదండి అంది. నిజమే. మిరపకాయలు గులాబీ రేకుల్లా పాలిపోయాయి. పిల్ల దొరల బిడ్డలా తెల్లబడింది. 'ముఖాలుంటే ఆరు' ఎందుకో అప్పుడు తెలిసింది. నెగెటివు నుంచి బొమ్మ తీసేటప్పుడు వెలుతురు తగ్గిస్తే మనిషి రంగు తేలతాడు.

నిన్ను తిట్టా. తర్వాత నీ తరఫున నేనే జవాబూ చెప్పుకున్నా. పెళ్ళిచూపులకి ఫోటో పంపాల్సిన తల్లులు జగ్గయ్యపేట నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు, నీ దగ్గరైతే పిల్ల రంగు తేలుతుందని. నీది దయే, కాదనను. నా ఫోటో తీసి నన్నూ దొరసానిని చేశావుగా. మా మనవలు ఆ ఫోటో చూసి ఈవిడెవరని అడుగుతారు. మరి ఆ రోజు నీతో నేనెందుకు దెబ్బలాడలేదు? నాకూ నచ్చింది కనక...

ఇక మిగిలింది ఒక్క ముక్క. వెలుతురు ఎక్కువైతే బొగ్గు, తక్కువైతే మళ్ళీ పరాయిపిల్ల. మూడు వారాలు దాన్ని ముట్టుకోలేదు. సుగుణమ్మ ఆదివారం ఆదివారం వచ్చి కూర్చుని వెళ్ళేది. తొందరపెట్టేది కాదు. తొందరపెట్టినా బాగుండేది.

మొన్న తెల్లారగట్ల, కుండలో నీళ్ళు చల్లగా ఉండగానే మొదలెట్టా. బొమ్మలో గులాబీ ఎక్కువైతే గులాబీ ఫిల్టరే ఇంకోటి కలపాలని రాశావు. ఇదేం లెక్కరా? ఉప్పెక్కువైన పులుసులో ఇంకాస్త ఉప్పు వేసినట్టు. అయినా నెగెటివులో అన్నీ తిరకాసే కదా అని కలిపా. ఆ ఫిల్టరు కొంత వెలుతురు తినేస్తుంది, అదీ లెక్కేసుకున్నా. తొమ్మిది దగ్గర చెయ్యి ఆగబోయింది. ఆ పిల్ల నలుపు, వాళ్ళమ్మ నలుపు, నేనూ నలుపే... పదకొండు దాకా వెళ్ళా.

తర్వాత మందులో ఎక్కం ఇరవైసార్లు. పదిహేడోసారి నుంచి పైకి చదవడం మానేశా. ట్రే ఊపుతూనే, మిగతాది పెదాలు కదుపుతూ చదివా. అంత చీకట్లో పక్కన నువ్వు లేవని నాకెలా తెలుస్తుంది, చెప్పు? లైటు వేస్తే కదా తెలిసేది...

అన్నీ అయ్యాక లైటు వేశా. మిరపకాయలు ఎర్రగా, చూస్తేనే కోరొచ్చి తుమ్మేలా ఉన్నాయి. గంప వెనక కరుణ. నల్లగా, నిగనిగలాడుతూ, ముందుపన్ను ఊడిన నవ్వుతో.

సుగుణమ్మ ఈసారి ఎవరని అడగలేదు. అడగకపోగా పిల్లని కోప్పడింది. గౌను ఎడమ భుజం మీద బొత్తాం కాజాలోంచి జారి ఉందట. పొద్దున తనే పెట్టి పంపిందట, అంతమందిలో అలాగే నిలబడిందా అని. కొంగు చివరతో స్లైడు మీద ఆ భుజం దగ్గరే తుడిచింది. బస్సెక్కేదాకా అదే మాట, బొత్తాం పెట్టుకోలేదమ్మా, బొత్తాం పెట్టుకోలేదు అని.

అంచేత నీకో పని. అక్కడ పిల్లల్లో కరుణ ఎక్కడుందో చూడు. నువ్వు తేల్చిన పిల్ల కోసం వెతక్కు, దొరకదు. నల్లపిల్ల. కాజా బిగుతట. ముందు వేలితో కాస్త వదులు చేసి, అప్పుడు బొత్తాం దూర్చు. ఫోటో తీసేటప్పటిలా కదలొద్దని గదమాయించకు.