హన్మవ్వ గోలీలు

2024 జూన్ 11, మంగళవారం

మా ఊరి ఎన్‌రోల్‌మెంట్ ఈ రోజుతో పూర్తయింది. మా ఊరు అని రాసేశాను గానీ నాది కాదు, స్టడీ వాళ్లు నాకు కేటాయించిన ఊరు. బోధన్ దాటాక చెరకు ట్రాక్టర్లు తిరిగే దారిలో లోపలికి పోవాలి. పొద్దున నిజామాబాద్ కంఠేశ్వర్‌లో జీపు ఎక్కితే, డ్రైవర్ భానుప్రసాద్ పెట్టే పాటలకు నా చెవులు చిల్లులు పడేసరికి ఊరు వస్తుంది.

గుండె, కిడ్నీ, కళ్లు, షుగర్ అన్నీ కలిపి చూసే స్టడీ. బీపీ ఉన్నవాళ్లకు మూడు మందులు కలిపిన గోలీ, రోజుకొకటి. నేను నెలకోసారి వెళ్లి బీపీ చూస్తాను, ఖాళీ షీట్లు తీసుకుంటాను, కొత్తవి ఇస్తాను. షీటు ఖాళీ అయిందంటే మనిషి మందు వేసుకున్నట్టే లెక్క. అదీ మా సైన్స్.

చివర్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు వచ్చారు. ఈరవ్వ పెద్దది, హన్మవ్వ చిన్నది. ఇద్దరి భర్తలూ పోయారు. ఒకే ఇంట్లో ఉండి బీడీలు చుట్టుకుని బతుకుతున్నారు. ఇద్దరికీ బీపీ బాగా ఎక్కువే. కానీ ఈరవ్వ వయసు మా లిమిట్ దాటింది. నిన్ను తీసుకోలేం, సర్కారు దవాఖానకు వెళ్లు అని చెప్పాను. ఆమె చెంగు సర్దుకుని లేచింది. హన్మవ్వ మాత్రం నేనిచ్చిన స్టడీ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత అక్క మొహం చూసింది.

జూలై 16

హన్మవ్వ షీట్లన్నీ ఖాళీ. తక్కినవాళ్ల దగ్గర ఎన్నో కొన్ని మిగిలిపోయాయి. ఒకావిడ మర్చిపోయానంది, ఒకావిడ ఒక్కపొద్దు ఉన్నానంది, ఇంకొకావిడ గోలీలు వేడి చేస్తున్నాయంది. అందరినీ కూర్చోబెట్టి హన్మవ్వను చూసి నేర్చుకోమన్నాను. ఆమె సిగ్గుపడి తల దించుకుంది. బీపీ మాత్రం పెద్దగా తగ్గలేదు. ఇంకా మొదటి నెలే కదా.

ఆగస్టు 20

షీట్లు ఖాళీ. బీపీ అలాగే ఉంది. వాన.

సెప్టెంబర్ 18

డాక్టర్ చక్రవర్తి గారు స్వయంగా వచ్చారు. స్టడీకి ఆయనే పెద్ద. హన్మవ్వ షీట్లు చూశారు, బీపీ రెండుసార్లు చూశారు. క్రమం తప్పకుండా మందు వేసుకుంటున్నా లొంగని రకం అన్నారు. నేనూ తల ఊపాను. డోసు పెంచారు. ఇకమీదట పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

గోలీలు పెంచామంటే దిగులుపడేవాళ్లనే ఇన్నేళ్లూ చూశాను. హన్మవ్వ మొహం వెలిగిపోయింది. రోజుకు రెండా, నిజంగానే రెండా అని మళ్లీ మళ్లీ అడిగింది. తిరిగొచ్చేటప్పుడు జీపులో ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం.

అక్టోబర్ 22

దిగింది! హన్మవ్వ బీపీ నార్మల్. సార్‌కు ఫోన్ చేస్తే ఆయన సంతోషం ఫోన్‌లోనే తెలిసింది. హైదరాబాద్ రివ్యూలో ఈ కేసు చూపిద్దామన్నారు.

ఈరవ్వ కూడా హుషారుగా ఉంది. ఎప్పుడూ నొప్పికి తలకు గుడ్డ కట్టుకుని కనిపించేది, ఇవాళ అది లేదు. సర్కారు దవాఖానకు వెళ్తున్నావా అని అడిగితే, మంచిగనే ఉన్నానని చెప్పి ఆకు కత్తిరించుకోవడంలో పడింది. నేను అడిగిందొకటి, ఆమె చెప్పిందొకటి. నాకు పట్టలేదు. సంతోషంలో ఉన్నాను.

నవంబర్ 12

జ్వరం. ఊరికి పోలేదు. ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులో ఉన్న నాన్నకు ఫోన్ చేసి బీపీ మాత్ర వేసుకున్నావా అంటే, ఇప్పుడే వేసుకున్నానన్నాడు. పక్కా అబద్ధం.

నవంబర్ 26, రాత్రి

కోపం ఇంకా దిగలేదు.

తప్పిపోయిన విజిట్ పూర్తి చేద్దామని చెప్పాపెట్టకుండా వెళ్లాను. అరుగు మీద ఇద్దరూ ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నేను చూస్తుండగానే హన్మవ్వ షీటులోంచి గోలీ తీసి అక్క చేతిలో పెట్టింది, నీళ్ల చెంబు అందించింది. ఈరవ్వ మింగింది. నన్ను చూసి ఇద్దరూ నవ్వారు. దాచలేదు. దాచాలని కూడా వాళ్లకు తోచలేదు. నా ఒళ్లు మండింది అందుకే.

ఇదెప్పటి నుంచి అని అడిగాను. మొదటి రోజు నుంచేనట. రోజుకొకటి ఇచ్చినన్నాళ్లూ ఒకరోజు చెల్లెలు, ఒకరోజు అక్క. రెండు ఇచ్చాక పొద్దుటిది చెల్లెలికి, సాయంత్రంది అక్కకు. కార్ఖానా వాళ్లిచ్చిన బీడీ కార్డు హన్మవ్వ పేరు మీదే ఉంది. దాని మీద ఇద్దరూ చుడతారు. ఈ ఊళ్లో ఏ ఇంట్లో చూసినా అంతే, ఒక కార్డు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. మేమిచ్చిన కార్డు కూడా అలాంటిదే అనుకున్నారు.

"కార్డు ఒక్కల పేరు మీదనే ఇస్తరు బిడ్డా, పని ఇద్దరం జేసుకుంటం. గిది గూడ గంతే గద," అంది హన్మవ్వ.

వీధి వీధంతా వినేలా అరిచాను. ఇది బీడీ కాదు, మందు అన్నాను. సార్‌కు తెలిస్తే పేరు కొట్టేస్తారన్నాను. ఆ మాటకు ఆమె నిజంగానే బెదిరింది. సార్‌కు చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. అయితే రేపటి నుంచి రెండూ నువ్వే వేసుకోవాలి, ఒక్కటి కూడా అక్కకు పోకూడదని గట్టిగా చెప్పాను. సరేనని తల ఊపింది. ఈరవ్వ చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

సార్‌కు చెప్పాలి. కానీ సోమవారమే హైదరాబాద్ రివ్యూ. నా ఊరినే ఆదర్శంగా చూపిస్తున్నారు. రివ్యూ కాగానే చెప్తాను. ఎలాగూ తప్పు దిద్దేశాను కదా.

డిసెంబర్ 2, రాత్రి

స్లైడ్ మీద మా ఊరు. సార్ నన్ను లేచి నిలబడమన్నారు. హాలంతా చప్పట్లు. ఆ రోజు వీధిలో అంత గట్టిగా అరిచినదాన్ని, ఇవాళ దండం పెట్టి కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో చెబుదామనుకున్నాను. సార్ కామారెడ్డి దాకా నిద్రపోయారు. కామారెడ్డి తర్వాత నేను నిద్ర నటించాను.

డిసెంబర్ 3

రేపు చెప్తాను.

డిసెంబర్ 6

హన్మవ్వ పడిపోయింది.

పొద్దున మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరిగాయట. బండ మీద పడింది. కుడి మణికట్టు విరిగింది. నిజామాబాద్ తీసుకొచ్చారని భానుప్రసాద్ ఫోన్ చేస్తే పరిగెత్తాను. కట్టు కట్టిన డాక్టరు, ఈమెకు బీపీ మరీ ఇంత తక్కువ ఉందేంటి, ఏం మందులు వాడుతోందని అడిగాడు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఆమెకు రోజుకు ఒక్క గోలీ చాలు. రోజు విడిచి రోజు వేసుకుంది కాబట్టే మొదట తగ్గలేదు. అది తెలియక రెండు ఇచ్చాం. వాళ్లు పంచుకున్నారు కాబట్టి ఇద్దరికీ ఒక్కొక్కటి పడి, ఇద్దరూ బాగున్నారు. అంతా సరిగ్గా ఉన్న ఇంట్లోకి నేను వెళ్లి దిద్దాను. సార్‌కు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ నిమిషమే డోసు తగ్గించేవారు. షీట్లు తప్ప మనిషి కనిపించలేదు నాకు. నా మార్కులు నాకు కనిపించాయి.

సార్ వచ్చి ఎలా పడ్డావని అడిగారు. వాకిట్లో పేడనీళ్ల సాన్పు జల్లుతుంటే కాలు జారిందని చెప్పింది హన్మవ్వ. చెప్పి నా వైపు చూసింది. నన్ను కాపాడుతోంది. నేను నిలబడి వింటున్నాను. ఇంత సిగ్గులేనిదాన్ననుకోలేదు.

సార్ వెళ్లాక దగ్గరికి పిలిచింది.

"నువ్వు జెప్పినట్లనే ఏస్కున్న బిడ్డా. ఒక్కటి గూడ అక్కకు ఇయ్యలె."

డిసెంబర్ 9

చెప్పేశాను. మొత్తం.

సార్ అరవలేదు. నీకెప్పుడు తెలిసింది అని మాత్రం అడిగారు. హైదరాబాద్ పోకముందే అన్నాను. కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. ఆ షీట్లు నేనూ చూశాను, నేనూ అడగలేదు అన్నారు. ఆ మాటతో నాకేమీ తేలిక కాలేదు. హన్మవ్వను రూలు ప్రకారం స్టడీలోంచి తీసేశారు. జరిగింది జరిగినట్టు పైకి రాస్తారట. నన్ను ఫీల్డ్ మాన్పించి ఆఫీసులో కూర్చోబెడతారు. అదే మంచిది.

డిసెంబర్ 20

సెలవు పెట్టి అక్కచెల్లెళ్లిద్దరినీ బోధన్ సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. బీపీ చూసి ఇద్దరికీ ఎవరి గోలీలు వాళ్లకిచ్చారు. మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరాం. ఇంతే పని. జూన్‌లోనే ఈరవ్వను పొమ్మనకుండా నేనే వెంట తీసుకెళ్లి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఎందుకు వెళ్లలేదని ఈరవ్వను బస్సులో అడిగాను. నేను స్టడీలోకి తీసుకోనన్నాను కదా, అక్కడా అదే మాట అంటారేమోనని వెళ్లలేదట.

2025 జనవరి 24

కట్టు విప్పారు. ఎముక అతికింది. వేళ్లు ముడుచుకోవడం లేదు. డాక్టరు చెప్పిన ఎక్సర్‌సైజులు దగ్గరుండి చేయించాను. నొప్పికి పళ్లు బిగబట్టుకుంది గానీ కుదరదని అనలేదు. ఆకు చుట్టాలంటే ఆ వేళ్లే కావాలి. చిన్నప్పటి నుంచి ఆ పనే చేసిన మనిషి. ఇప్పుడు ఈరవ్వ ఒక్కతే చుడుతుంది. హన్మవ్వ పక్కన కూర్చుని ఎడమచేత్తో ఆకులు విడదీసి ఇస్తుంది, అదీ నెమ్మదిగా.

తప్పు నాదే, క్షమించు అవ్వా అన్నాను. ఆమెకు ఇబ్బందిగా అనిపించినట్టుంది. ఎండలో వచ్చావు, ముందు చాయ్ తాగమంది. తాగాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 11, సాయంత్రం

ఫోన్ రూములో మర్చిపోయి ఆఫీసుకు పోయాను, వచ్చేసరికి హన్మవ్వ దగ్గర నుంచి ఫోన్ మోగుతోంది. ఈరవ్వ పొద్దున్నే బాల్కొండలో ఉన్న కూతురింటికి పోయిందట. ఇన్నాళ్లూ గోలీ ఆమే నోట్లో వేసేదట.

"ఎడమ చేత్తోని ఏస్కుంటే పని జేస్తదా బిడ్డా?"

చేస్తుందన్నాను. నేను ఆఫీసు నుంచి వచ్చి ఫోన్ ఎత్తేదాకా, పొద్దుటి గోలీ అలాగే పట్టుకుని కూర్చుందట.